చీపురు వేషం

పద్మారావు నగర్, గురువారం.

బడిలో "అందరూ సమానమే" అని నాటకమట. నల్లగా ఉందని మా మనవరాలు స్టెల్లాకు పనిమనిషి వేషమిచ్చి చీపురు పట్టించారు. ఏడిస్తే, మనసు విప్పే పీరియడ్ అంటూ నవ్వు మొహం బొమ్మ గీయించారట. సమానత్వం నేర్పేవాళ్లకు ముందు సిగ్గు నేర్పాలి.

కడిగేద్దామనే వెళ్లాను. ఆ నాటకం వేయిస్తున్న టీచరు సుజాత, నేను బడిలో చెప్పే రోజుల్లో నా క్లాసు పిల్లే. లేచి కుర్చీ వేసింది.

"రంగు చూసి వేషాలిస్తావటే?" అన్నాను.

"మీ దగ్గర నేర్చుకున్నదే మేడమ్. మీ నాటకాల్ల నాకెప్పుడు చీపురే ఇస్తుంటిరి," అంది చల్లగా.

ఆమెదీ స్టెల్లా రంగే. ఆ నాటకాలేవీ నాకు గుర్తులేవు.

ఇంటికి రాగానే స్టెల్లా ఎదురొచ్చింది. "మేడమ్‌ను తిట్టినవా అమ్మమ్మా?"

తిట్టాననే చెప్పాను.