ఒక్క ఎం.ఎడ్. సీటు

జూన్ 18, 1979. సోమవారం

నేను పాఠం చెప్తున్న ఆరో తరగతికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనక బెంచీలోంచి లక్ష్మిని లేపి, నిన్న సాయంత్రం ఏం చేశావని అడిగాడు.

"మాదన్నపేట మార్కెట్ల మా అమ్మకాడ కూసున్న సార్."

"కూసున్న కాదు. కూర్చున్నాను. ఏదీ, చెప్పు."

చెప్పలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పలేదు. పిల్లలందరూ తలలు దించుకున్నారు. ఊరుకోలేకపోయాను. ఆ పిల్ల చెప్పింది అర్థమైంది కద సార్, అన్నాను. ఆయన కోప్పడలేదు. అదే ఇంకా మంట. "ఇంటి భాషలో మాట్లాడనిస్తే పిల్లలకు చదువు బాగా వస్తుందని ఎక్కడ రుజువైందమ్మా? మీ దగ్గర ఏమైనా ఉంటే చూపించండి."

ఏమీ లేదు. బి.ఎడ్.లో చార్టులు గీయడం నేర్పారు, నల్లబల్ల మీద వంకర లేకుండా రాయడం నేర్పారు. ఇది నేర్పలేదు.

ఒళ్ళు మండిపోతోంది... పైగా ఈ పేజీలో నేను రాస్తున్నదీ ఆయన తెలుగే.

జూన్ 20

మా ఆయన ఎం.ఎడ్. అప్లికేషన్లు తెచ్చాడు. రెండు. తనూ టీచరే కదా, సర్కారు హైస్కూల్లో లెక్కలు. రోజంతా కాలేజీలో కూర్చుని చదివే కోర్సు, ఏడాది.

"ఇద్దరం పెడుదాం సుగుణా. ఎవరికొస్తే వాళ్లు పోదాం. ఇంకొకరు ఇల్లు నడుపుదాం."

ఆ మాట ఎంత బాగుందో. వంటింట్లోంచి అత్తమ్మ: "ఇద్దరు పంతుళ్లే అయితిరి. మళ్ల ఇంకేం చదువు?"

జూన్ 21

హెడ్మాస్టరుకు చెప్పాను. "రెగ్యులర్ ఎందుకమ్మా? ఇంట్ల కూసోని పోస్టుల కట్టుకో. పాఠాలు వాళ్లే పంపుతరు. డిగ్రీ అదే, కాగితం అదే."

ఇంట్లో కూర్చుని! బడి, వంట, పాప, అత్తమ్మ మందులు — ఆ తర్వాత పుస్తకం తెరిస్తే రెండో పేరాలో నిద్ర. నాకు ఒక లైబ్రరీ కావాలి. అడిగితే జవాబు చెప్పే మనిషి కావాలి. పగటి పూట కావాలి. ఆయనకు ఇదంతా చెప్పలేదు. సరే సార్, అని వచ్చేశాను. నా మీద నాకే చిరాకు.

జూలై 12, గురువారం

లిస్టు పెట్టారు. ఇద్దరం కలిసే వెళ్ళాం. పనిచేస్తున్న టీచర్లకు ఉన్నవే నాలుగు సీట్లు. నాలుగో పేరు నాది. దాని కింద ఒక గీత. గీత కింద వెయిటింగు లిస్టు — మొదటి పేరు మా ఆయనది.

నేను చేరకపోతే సీటు ఆయనకు వస్తుంది.

"పోనీలే, మనింట్ల ఒకరికైతే వచ్చింది" అని నవ్వాడు. బస్సులో కూడా బాగానే మాట్లాడాడు. ఉప్పుగూడ రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి. డబ్బా తర్వాత డబ్బా పోతూనే ఉంది. ఆ చప్పుడులో మాట్లాడనక్కర్లేదు... గేటు లేచిన తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

జూలై 13

ఎవరూ ఏమీ అనరు. అన్నం తింటున్నారు.

జూలై 15, ఆదివారం

అత్తమ్మే అంది. బియ్యం చెరుగుతూ, నా మొహం చూడకుండా. "నువ్వు ఇడిసిపెడితే వానికొస్తదట గద."

ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. పేపరు తిప్పిన చప్పుడు వినబడింది.

జూలై 17

చివరికి తనే ఆ మాట ఎత్తాడు, పాపను పడుకోబెట్టి వచ్చి.

"నేను మూడేండ్ల సంది పెడుతున్న. నీకెర్కనే. ఎం.ఎడ్. ఉంటే ట్రెయినింగ్ కాలేజీకి లెక్చరర్‌గ పోత. నీకు ఆ ప్రైవేటు బడిల ఏమొస్తది చెప్పు. వచ్చే యేడు నువ్వు పో, నేను కాదనను."

తప్పేముంది అందులో? అన్నీ నిజాలే. నాకు ప్రమోషన్ రాదు. జీతం పెరగదు. లక్ష్మి గురించి చెప్పాను. ఆ రోజు నుంచీ ఆ పిల్ల బడిలో నోరు తెరవడం లేదని, పాఠం చదవమంటే పుస్తకం పట్టుకుని నిలబడుతుందని. విన్నాడు. "గిదానికి ఎం.ఎడ్. ఎందుకు? ఆ పొల్లను దగ్గరకు తీస్తే చాలదా" అన్నాడు.

దగ్గరకు తీస్తూనే ఉన్నాను. చాలడం లేదు కాబట్టే కదా.

వచ్చే యేడు నాకు సీటు వస్తుందని ఎవరు చెప్పారు? మూడేళ్ళుగా రాని మనిషిని అదెలా అడగను?

జూలై 19

చేరను. ఆయనే వెళ్ళనీ.

జూలై 20

నిన్నటి మాట ఇంకా ఆయనకు చెప్పలేదు. ఎందుకో.

జూలై 22, బోనాలు

ఛత్రినాక నుంచి వదిన వచ్చింది, మా ఆయన అక్క. ఇంటినిండా చుట్టాలు, డప్పుల చప్పుడు వీధి చివరిదాకా. బోనం కుండకు పసుపు పూస్తున్నాను. అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి వదిన అంది — "మా సుగుణ బంగారం. తమ్మునికోసం సీటు ఇడిసిపెట్టింది. ఎవలు చేస్తరు గిట్ల?"

అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఒకావిడ నా గదుమ పట్టుకుని మరీ.

ఆయన్ని మిద్దె మీదికి పిలిచి అడిగాను. "మీరు చెప్పిండ్రా?"

"నేను చెప్పలే. అమ్మ చెప్పినట్టుంది."

"మీరు కాదన్లేదు గద."

కింద నుంచి వదిన కేక — ఊరేగింపు వస్తోంది, దిగండి అని. దిగాం. నెత్తిన బోనం పెట్టుకుని నడుస్తుంటే మెడ నరాలు లాగేస్తున్నాయి. అమ్మవారికి ఏమీ మొక్కుకోలేదు.

నేను ఇద్దామనుకున్నదాన్ని నా చేతిలోంచి తీసేసుకుని, మళ్ళీ నాకే దండం పెడుతున్నారు.

జూలై 24

కాలేజీలో చేరడానికి జీతం లేని సెలవు అడిగాను. హెడ్మాస్టరు కాగితం తీసుకున్నాడు, సంతకం పెట్టలేదు. "వచ్చే యేడు నీ జాగల ఇంకొకరుంటే నన్ననొద్దు."

అనను సార్, అన్నాను.

జూలై 26, గురువారం

చేరడానికి చివరి రోజు. ఒక్కదాన్నే వెళ్ళి చేరాను.

ఆఫీసులో గుమాస్తా సర్టిఫికెట్లు చూస్తూ, "కింద పేరు మీ వారిదా? ఇంటిపేరు ఒకటే ఉంది" అన్నాడు. అవునన్నాను. "మీరు రారేమో అనుకున్నం. ఆయనకు కార్డు కూడ రాసి పెట్టినం." సొరుగులోంచి తీసి, నా ఎదుటే రెండు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. మా ఇంటి అడ్రసు, నీలం సిరా.

సాయంత్రం చెప్పాను. "చేరిన."

"మంచిది" అన్నాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాడు. అత్తమ్మ నాకు టీ పొయ్యలేదు. నేనే పోసుకున్నాను.

జూలై 27

మాటల్లేవు. పాప మధ్యలో నిలబడి ఆయన మాట నాకు, నా మాట ఆయనకు మోస్తోంది. ఆటనుకుంటోంది.

జూలై 30, సోమవారం

మొదటి క్లాసు. ప్రొఫెసరుగారు పచ్చబడిన కాగితాలు చూసి ఇంగ్లీషులో చదువుతాడు, మేం రాసుకుంటాం. కామా, ఫుల్‌స్టాపు కూడా చెప్తాడు. ఆఖర్న లేచి అడిగాను — ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఒక తెలుగు ఉన్న పిల్లలకు చదవడం ఎలా నేర్పాలి సార్ అని. కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు.

"అది సిలబస్‌లో లేదమ్మా."

దీనికోసమా? ఇంట్లో మాటలు పోగొట్టుకుని, బడిలో నా కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలియకుండా... చార్టులు, నల్లబల్ల, ఇప్పుడు డిక్టేషను. బస్సులో ఏడుపు వచ్చింది. పక్కన కూర్చున్న ముసలామె జరిగి కిటికీ వైపు చోటిచ్చింది.

ఆగస్టు 1

లైబ్రరీలో పగలంతా వెతికాను. కింది అరలో ఒకటి దొరికింది. పిల్లల ఇంటి భాష గురించి, బడి గురించి. ఎక్కడో వేరే దేశం పిల్లలు. ఇంగ్లీషు కష్టంగా ఉంది. పేజీకి నాలుగు మాటలు తెలియవు. అయినా ఆపలేకపోయాను. గంట కొట్టి లేపారు.

ఆగస్టు 2, గురువారం

పుస్తకం ఇంటికి తెచ్చాను. పాలు పొంగుతుంటే దించుతున్నాను. వెనక నుంచి ఆయన గొంతు — "ఏం చెప్తున్నరు ఆడ?"

వారం తర్వాత మొదటి మాట. ఎగతాళా, నిజంగానే అడుగుతున్నాడా, తెలియలేదు. డిక్టేషను గురించి చెప్పాను. కామాల గురించి చెప్పాను. సిలబస్‌లో లేదన్న సంగతి కూడా.

"గట్లన్నడా?"

"ఆఁ."

"మరెందుకు పోతున్నవ్?"

పుస్తకం చూపించాను. చెయ్యి చాపి తీసుకున్నాడు. నిలబడే రెండు పేజీలు తిప్పాడు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టాడు. పాప వచ్చి ఒళ్ళో ఎక్కినా తల ఎత్తలేదు.

రేపటికి నేను రెండో చాప్టరు చదవాలి. అడిగితే ఇచ్చేస్తాడు. ఆ తర్వాత మళ్ళీ ఎన్నాళ్ళకు మాట్లాడతాడో...

వంట అయిపోయింది. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు.