కంటైనర్ కడిగిన రోజు

జూన్ 3

కుర్చీలకి బూజు పట్టిందట. అవతలి దేశం నుంచి బయ్యర్ ఫొటోలు పంపాడు. మనం పంపినవేనా అనిపించింది. బడి పిల్లల కుర్చీలు, ప్రతిదీ వదిన స్వయంగా పాలిష్ పెట్టినవి. ఇంకొక్క కంటైనర్ చూస్తాడట. అదీ ఇలాగే చేరితే మాతో తెగతెంపులే. ఆ ఒక్క అవకాశం ఇచ్చినందుకు మాత్రం అతను చల్లగా ఉండాలి. అన్నయ్య అయితే కుర్చీలు చేసే మా షెడ్డు మూసేసి ఎక్కడైనా ఉద్యోగం చూసుకుంటానన్నాడు. కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోయాడు.

జూన్ 8

తడి బయటి నుంచి రాలేదు. మేమే లోపల పెట్టి తాళం వేశాం! సరుకు కింద పెట్టే చెక్క పాలెట్లు పచ్చివి, అట్టపెట్టెలు చెమ్మగిల్లినవి. పగటి వేడికి ఆ తడంతా ఆవిరై, రాత్రి చల్లబడ్డ రేకు కప్పుకి పట్టి, చుక్కలు చుక్కలుగా కుర్చీల మీద పడుతుంది. ఉడుకుతున్న గిన్నె మూత కింద నీళ్లలాగే. రోజూ వంటింట్లో చూసేదే. నా మట్టిబుర్రకి ఇప్పుడెక్కింది.

జూన్ 19

తేమ కొలిచే మీటర్ గుచ్చడమే పని. కర్రకి, పాలెట్‌కి, అట్టపెట్టెకి. అంకె దిగకపోతే బయటే. నా నుదుటికి కూడా ఓసారి గుచ్చమంటోంది వదిన, కోపం ఎంతుందో తెలుస్తుందట.

జూన్ 26, సాయంత్రం

కంటైనర్ వచ్చింది. కన్నాలున్నాయేమో చూడాలంటే లోపల నిలబడి తలుపులు మూయించుకోవాలి. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ కన్నం ఉన్నట్టు. నేనూ వదినా వెళ్లాం. డ్రైవర్ తలుపులు వేశాడు. చిమ్మచీకటి. వదిన భయపడి నా చెయ్యి పట్టుకుంది. ఎవరూ చదవరు కనక నిజం రాస్తాను, పట్టుకున్నది నేనే. ఎక్కడా వెలుతురు లేదు. పొద్దున్నే లోడింగ్.

జూన్ 27, ఉదయం 7

అత్తయ్య కంటైనర్ కడిగేసింది!

అత్తయ్యంటే వదిన వాళ్లమ్మ, మాతోనే ఉంటుంది. అందరికంటే ముందు లేచి, పైపు పెట్టి, చీపురుతో మూలమూలలా రుద్ది మరీ కడిగింది. చెక్క నేలంతా నీళ్లు తాగి కూర్చుంది. మీటర్ గుచ్చి, ఆ అంకె చూడలేక పక్కన పడేశాను. నోటికొచ్చినట్టు అరిచాను. పెద్దావిడని కూడా చూడలేదు.

అత్తయ్య తడి చేతులు తుడుచుకుంటూ, "పసివాళ్లు కూర్చునేవి కదమ్మా, దుమ్ములో ఎలా పెడతాం అనుకున్నాను. తడి తగలకూడదని నాకెవరూ చెప్పలేదు" అంది.

నిజమే. ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదీ తేమ గురించే మాట్లాడుకున్నాం. ఆవిడకో ముక్క చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. నాకసలే తోచలేదు.

అదే రోజు, 11

డ్రైవర్ బండి కింద దూరి చూసి, ఒక మూల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయని కేకేశాడు. కారకూడదు కదా! నేలకి కన్నం ఉందట. పాత సరుకు మట్టి గట్టిపడి దానికి బిరడాలా బిగుసుకుపోయింది. అందుకే నిన్న మాకు వెలుతురు కనపడలేదు. అత్తయ్య చీపురు దెబ్బకి ఊడింది. అలాగే పంపి ఉంటే దారిలో ఏ కుదుపుకో ఊడి, వానకి చక్రాలు చిమ్మే నీళ్లన్నీ లోపలికే.

అన్నయ్య కంటైనర్ వాళ్లకి ఫోన్ చేశాడు. కడిగిన సంగతి కూడా దాచలేదు. కన్నం తమ తప్పేనని, రేపు పొద్దున్నే వేరేది పంపుతామని అన్నారట.

అత్తయ్య దగ్గరికెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. థాంక్స్, సారీ రెండూ కలిపేసి ఏదో వాగాను. ఆవిడ ముఖం తిప్పుకుంది. తిప్పుకోదూ మరి.

జూన్ 28

పొడి కంటైనర్, పొడి కుర్చీలు. గోడలకి తేమ పీల్చే సంచులు వేలాడదీశాం. అంతకుముందే అత్తయ్యని లోపలికి తీసుకెళ్లి, నేల తడిమి చూడమని, మొదటి నుంచీ అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే పొడిగుడ్డతో తుడవచ్చుగా?" అంది. తుడవచ్చు. తనే తుడిచింది, నన్ను పక్కకి జరగమని.

జూలై 15

ఇక్కడ మబ్బేస్తే అక్కడ ఓడ గుర్తొస్తోంది. నన్ను వీళ్లంతా ఎలా భరిస్తున్నారో! దేవుడి దయ, భరిస్తున్నారు.

ఆగస్టు 9

అవతల కంటైనర్ తలుపులు తెరిచారట. ఒక్క కుర్చీకీ చెమ్మ లేదట. బయ్యర్ మెసేజ్ నా ఫోన్‌కే వచ్చింది. అన్నయ్య ఎదురుగానే ఉన్నాడు. అన్నయ్యని దాటుకుని పరిగెత్తి, ముందు అత్తయ్యకి చెప్పాను.