రాతి అరచెయ్యి

నంద్యాల, మంగళవారం రాత్రి

ఈరోజు అవ్వను తీసుకుని ఆళ్లగడ్డలో ఒక శిల్పి దగ్గరికి వెళ్లాను. మా రైస్‌మిల్లు చరిత్ర కోసం సర్దుతున్న గదిలో తాత రాతి విగ్రహం పెట్టాలని నాయన కోరిక. శిల్పి ముందు కూర్చోగానే అవ్వ తేల్చేసింది.

"బొమ్మ వద్దప్పా. మేం చర్చికి పోయేవాళ్లం. రేపు ఎవరో ఒకరు దండేసి మొక్కుతారు. వడ్లు చూసే ఆయన చెయ్యి చెక్కు, చాలు."

"ఆ చెయ్యి ఎట్లుంటాదమ్మా? ఫొటో ఉందా?" అన్నాడు శిల్పి.

ఇన్ని నెలలుగా ఆ గది కోసం నేను పోగుచేసిన ఫొటోలన్నీ ఫోన్‌లో తిరగేశాను. తాత శాలువా కప్పించుకుంటూనో రిబ్బన్ కత్తిరిస్తూనో ఉన్నాడు. వడ్లు పట్టుకున్నది ఒక్కటీ లేదు.

అవ్వ కొంగుముడి విప్పింది. పొద్దున మిల్లులోంచి గుప్పెడు వడ్లు తెచ్చుకుందట! అరచేతుల మధ్య నలిపి, ఉఫ్ అని పొట్టు ఊది, ఒక గింజ కొరికింది.

"పచ్చిగా ఉండాయి, ఇంకా ఎండల్ల. మీ తాత బేరాల్లో ఉంటే బండ్లకాడ నేనే చూస్తాంటి," అంది నాతో, మామూలుగా.

నాకు తెలియదు. గదిలోని ఏ ఫైల్లోనూ ఆ మాట లేదు.

శిల్పి ఆమె చేతికే కొలతలు తీసుకున్నాడు. తిరుగుదారిలో అవ్వ ఆ చెయ్యి నా ఒడిలో వేసి నిద్రపోయింది. కింద పెట్టే పలక మీద నాయన ముందే తాత పేరొక్కటే రాయించాడు. అవ్వ పేరూ చేర్చమని రేపు ఎలా అడగాలో...

చున్నీకి ఇంకా కాస్త పొట్టు అంటుకుని ఉంది. దులపబుద్ధి కావడం లేదు.