నాన్న చూసిన జలపాతం

చెల్లెమ్మా, ముగ్గురం కులాసాగానే ఉన్నాం, కంగారుపడకు.

నాన్న చూపు పూర్తిగా పోకముందే జలపాతం చూపిద్దామనే కదా అమ్మనీ నాన్ననీ ఇంతదూరం తీసుకొచ్చాను. పొద్దున గంటసేపే కనబడుతుందనీ, తర్వాత మబ్బు కమ్మేస్తుందనీ బస్సు డ్రైవరు ముందే చెప్పాడు. అయినా మెట్ల దగ్గర జనాన్ని చూడగానే నా నోరు ఊరుకోలేదు. బైబిలు తెరిచి, బండరాయెక్కి, "కళ్లుండీ సృష్టిని చూడని గుడ్డివాళ్లారా!" అని గద్దించాను. మెట్లెక్కించే నా చెయ్యి కోసం నాన్న కిందే కూర్చుని ఎదురుచూశారు. మేం పైకి చేరేసరికి తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు.

"దేవుడు చేసింది చూద్దామని వస్తే, నీ ప్రసంగమే మిగిల్చావు కదరా!" అంది అమ్మ.

"ఊరుకోవే, చప్పుడు వినపడుతోందిగా," అన్నారు నాన్న.

మళ్లీ వెళ్దామంటే రేపే తిరుగు ప్రయాణం.

నాన్న కంటి చుక్కల మందు అయిపోవచ్చింది, ఒక సీసా కొనిపెట్టు. వంటింటి పంపు కారడం ఆగిందా? ఆదివారం వాక్యం చెప్పడానికి ఇంకొకరిని చూసుకోమని చర్చివాళ్లకి చెప్పు, నాకు నోరు పెగలదు.

జలపాతం పాలధారలా ఉందని నాన్న మా బస్సులో వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. ఇంటికొచ్చాక నీకూ చెబుతారు. నా పరువు కోసమే. ఎదురు ప్రశ్నలు వెయ్యకుండా విను.

దేవుడు నిన్నూ పిల్లల్నీ చల్లగా చూడాలి.

అన్నయ్య