బుధవారాలకు కిటికీ ఉన్న గది

అయ్యా,

విషయం: రెండో అంతస్తు సమావేశపు గదికి తమరు వేయించిన తాళం తీయించుట, మరియు మేము ఫైలు కట్టలు ఎత్తిన తప్పు మన్నించుట గురించి.

తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా, నేను తమ భవనం ఎదురు వీధిలో బట్టలు కుట్టుకొనుదానను. మెనోపాజ్ వయసులో ఉన్న మేము తొమ్మిదిమంది ఆడవాళ్ళం, తమ కార్యాలయం అనుమతితోనే, ఏడు నెలలుగా ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆ గదిలో కలుసుకొనుచున్నాము.

1. తమ నోటీసులో మమ్మల్ని కాలక్షేపపు గుంపు అన్నారు. ఒంట్లో సెగలు, పట్టని నిద్ర, ఊరికే వచ్చే ఏడుపు, గుల్లబారే ఎముకలు మా కాలక్షేపం. ఇంట్లో చెబితే "ఫ్యాను వేసుకో" అంటారు. ఫ్యాను కింద కూర్చునే చెబుతున్నామండీ. ఇక్కడ మాత్రం సెగ వచ్చినావిడ చెయ్యెత్తితే చాలు, కిటికీ పక్కనున్నావిడ మారుమాట లేకుండా లేచి కుర్చీ ఇస్తుంది. మాకున్న నియమం అదొక్కటే.

2. ఫైలు కట్టల సంగతి ఒప్పుకొనుచున్నాము. ఎముకలు గట్టిగా ఉండాలంటే బరువులెత్తాలని మాలో నర్సు ఉద్యోగం చేసే ఆవిడ చెప్పినది. బరువులు లేవు. బీరువాలో కట్టలున్నవి, పట్టుకోవడానికి తాడుతో సహా. పన్నెండేసి సార్లు ఎత్తి దించి, దుమ్ము దులిపి, యథాస్థానమున పెట్టితిమి. ఒక్క కాగితమైనా చదవలేదు. కళ్ళజోళ్ళు తీసేసే ఎత్తాం. ఇకమీదట ఇసుక నింపిన సీసాలు మేమే తెచ్చుకొందుము.

3. మేము మడమలెత్తి దించుతుంటే కింది గుమాస్తాగారి టీలో సున్నం రాలినదట. వెళ్ళి క్షమాపణ చెప్పితిమి. ఆయన "పర్లేదమ్మా, మా ఆవిణ్ణి కూడా చేర్చుకుంటారా?" అని అడిగారు.

4. బదులుగా తమరు చూపిన సెల్లారు గదికి కిటికీ లేదు. తమరు స్వెట్టరు వేసుకుని అందులో పది నిమిషాలు కూర్చుని చూడగలరని మనవి.

5. అసలు సంగతి ఎలా రాయాలో తెలియక చివర పెట్టాను. మాలో ఒకావిడ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. టికెట్లు కొడుతూ చెమటతో తడిసిపోతే బస్సులో ఎవరో నవ్వారట. రాజీనామా రాసుకుని నా దగ్గరికొచ్చింది. "నువ్వు బుధవారాలు వస్తూ ఉండు, ఇది నా కుట్టుమిషను సొరుగులో ఉంటుంది" అని లాక్కున్నాను. ఐదు నెలలు అక్కడే ఉంది. తాళం పడి మూడు బుధవారాలైంది. నిన్న వచ్చి "అక్కా, ఆ కాగితం ఇచ్చెయ్" అంది. దారాల కింద ఎక్కడో ఉంది, వెతకాలి అని అబద్ధమాడాను. అయ్యా, అది చిన్న సొరుగు. రెండో అబద్ధం నాకు తోచడం లేదు. భయంగా ఉంది.

కావున తమరు ఇదంతా చిత్తగించి, రాబోవు బుధవారం మూడు గంటలకు తాళం తీయించవలెను.

తమ విధేయురాలు,
ఎదురు వీధి టైలరు
(ఏడుగురి సంతకాలు వెనక ఉన్నవి)

తా.క.: ఇది మడత పెడుతుంటే కండక్టరమ్మ వచ్చింది. చదివింది. "నా సంగతి ఆఫీసుకెక్కించావా" అని కాసేపు తిట్టింది. తర్వాత ఎనిమిదో సంతకం పెట్టింది. "తీయకపోతే మెట్ల మీదే కూర్చుందాం అక్కా. అక్కడ పెద్ద కిటికీ ఉంది. జనాన్ని సర్దడం నాకొదిలెయ్" అంది. రాజీనామా అడిగితే ఇచ్చేశాను. దాని వెనకవైపు మెట్లు గీసి, ఎవరు ఏ మెట్టు మీదో రాసింది. తమరు ఇంటికి వెళ్ళేదీ ఆ మెట్ల మీదుగానే కదా. గోడ పక్కన తమరికి ఒక మనిషి పట్టేంత దారి వదిలింది.