ఎడమ కంటి మీది జుట్టు

అక్కా,

నీ కూతురు పంపిన ఫొటో చూశాను. నేను తల దువ్వే మా హీరోయిన్‌లాగే ఎడమ కంటి మీదికి జుట్టు వేసుకుని మురిసిపోతోంది. "పిన్నీ, ఈ స్టైల్ కనిపెట్టింది నువ్వేనటగా!" అని రాసింది. చూడగానే ఒళ్ళు మండిపోయింది.

కనిపెట్టింది నేను కాదక్కా, ఆవిడ మొగుడు. ఇత్తడి పూలకుండీతో మొహం మీద కొట్టాడు. కనుబొమ్మ చీలి ఎముక బయటపడింది. డాక్టరు ఇంటికొచ్చి కుట్లు వేశాక, అవి కనపడకుండా జుట్టు కప్పి షూటింగ్‌కి పంపాను. "ఎవరికైనా చెప్పావంటే చంపేస్తాడు" అంది ఆవిడ, అద్దంలో నన్నే చూస్తూ.

నీకు దణ్ణం పెడతాను, పిల్ల జుట్టు వెనక్కి దువ్వు.

నిన్న వాడు కుడివైపు కొట్టాడు. ఇవాళ జుట్టు అటు దువ్వాను. ఈ సినిమా రానీ, ఆడపిల్లలందరూ పాపిడి మార్చుకుంటారు.

నీ చెల్లి