కాలని బొమ్మ

వలెన్సియా,
ఏప్రిల్ 3, 1979

ప్రియమైన లియోనోర్‌కి,

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, మీ అక్కా కులాసాగా ఉన్నారని, మహోన్‌లో గాలి కాస్త తగ్గిందని తలుస్తాను. నీ ఉత్తరం నిన్న అందింది. పద్దెనిమిదో తేదీ ఓడకి వస్తున్నానని రాశావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. సంతోషించాలని తెలుస్తూనే ఉంది, కానీ సంతోషం రాలేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. బాల్కనీలో నిమ్మచెట్టు బతికే ఉంది, మూడు కాయలు కూడా వేసింది. రక్తపోటు మాత్రలు మానలేదు. కార్ఖానా కప్పు కారడం లేదు. వేళకి తింటున్నావా అన్నావు. ఫెలిసా తన బేకరీ నుంచి రోజూ రొట్టె పంపుతోంది. పండగ రోజుల్లో గుమ్మడికాయ బూరెలు కూడా పంపింది. అన్నీ తిన్నాను. ఎలా ఉన్నాయంటే మాత్రం చెప్పలేను.

ఈసారి పండగ బాగా జరిగిందని అందరూ అంటున్నారు. నేనూ అన్నిచోట్లా ఉన్నాను. మధ్యాహ్నం రెండింటికి టపాసుల మోతకని పెద్ద చౌకుకి వెళ్ళాను. చెవులు పగలకుండా అందరితో పాటు నోరు తెరుచుకుని నిలబడ్డాను. నేల అదిరింది, కిటికీ అద్దాలు వణికాయి. నాకు మాత్రం పక్కింట్లో ఎవరో మంచం జరుపుతున్నట్టుంది. కాసేపటికి ఫెలిసా మోచేత్తో పొడిచింది.

"ఇక నోరు ముయ్యవయ్యా బెర్నటూ. మోత ఆగి పావుగంటయింది. ఇంకాసేపుంటే ఈగలు కాపురం పెడతాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

పండగ ఆఖరి రాత్రి కాల్చెయ్యడానికి మన వీధిలో నేను కట్టిన బొమ్మల గోపురం చూడ్డానికి పక్క వీధులవాళ్ళు కూడా వచ్చారు. ఎప్పటిలాగే అంతా వెటకారం. చెత్తబండి మీద ఊరేగే కౌన్సిలరు, తక్కెడ మీద బొటనవేలు నొక్కిపెట్టిన చేపలమ్మే ఆవిడ, వాళ్ళందరి పైన బాల్కనీలో మన నీవెస్. ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేత్తో కిందివాళ్ళని అదిలిస్తూ. జూన్‌లో పిల్ల పోయాక, దాని జ్ఞాపకంగా ఒక బొమ్మ చెయ్యమని వీధి కమిటీవాళ్ళు అడిగారు, నేను సరేనన్నాను. "కన్నకూతుర్ని కాల్చడానికి చేస్తావా? అది బూడిదయ్యేదాకా ఈ గడప తొక్కను" అని నువ్వు మీ అక్క దగ్గరికి వెళ్ళిపోయావు. నీది తప్పని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

పండగ మర్నాడు "అంతా కాలింది" అని నీకు కార్డు రాశాను. అది చూసే నువ్వు బయలుదేరుతున్నావు. మంటల్లో ముందు ముఖం పోయిందా, చేతులు పోయాయా అని అడిగావు. ఆ ఒక్కదానికే జవాబు రాయకుండా ఇంతదాకా లాక్కొచ్చాను.

లియోనోర్, బొమ్మ కాలలేదు.

పండగ ఆఖరి రోజు, సెయింట్ జోసెఫ్ రోజు మధ్యాహ్నం కమిటీ పెద్ద సెనెన్ నిచ్చెన, రంపం పట్టుకుని వచ్చాడు. వెనక సగం వీధి ఉంది.

"బెర్నటన్నా, ఊరంతా ఓట్లేసి ఏటా ఒక్క బొమ్మని మంటల్నుంచి తప్పిస్తారు. మన వీధి మొహానికి ఆ భాగ్యం ఏనాడూ లేదు. వాళ్ళ ఓట్లు ఎవడిక్కావాలి? మన పిల్లని మనమే తప్పించుకుందాం. నువ్వు ఊఁ అను, చాలు."

నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. నలభై ఏళ్ళుగా కాలిపోవడానికే బొమ్మలు చేశాను. కాలని బొమ్మని ఏం చెయ్యాలో నాకు తెలియదు. సెనెన్ నిచ్చెన ఎక్కాడు. పాదాల దగ్గర కోసి, దుప్పట్లో చుట్టి, నలుగురు కార్ఖానాకి మోసుకొచ్చారు. ఆడవాళ్ళు ఏడుస్తూ వెనక నడిచారు. మంచి మనసుతోనే చేశారు పాపం. ఫెలిసా దాని చెంప తడిమి, "అచ్చం మన నీవెసే. పిలిస్తే పలికేలా ఉంది" అంది. అందరూ అదే మాట.

నిప్పు పెట్టడానికి ఇంకా చాలా గంటల సమయం ఉంది. కావాలంటే నేనే భుజాన వేసుకెళ్ళి మళ్ళీ అక్కడ నిలబెట్టగలను. వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని బొమ్మనే చూస్తూ ఉండిపోయాను. ప్రేమ వల్లే ఆగిపోయాననుకోకు.

అది మన పిల్ల కాదు. ఫొటోలన్నీ నీతో వెళ్ళాయి గనుక గుర్తున్నంతవరకు చేశాను. గడ్డం దగ్గర, పెదవి చివర చెయ్యి ఆగిపోయింది. గుర్తు రాలేదు. తోచినట్టు పూర్తిచేశాను. వీధివాళ్ళకి తేడా తెలియదు. నీకు గుమ్మంలోంచే తెలుస్తుంది. అసలు ముఖం నాలోంచి చెరిగిపోతోంది, లియోనోర్. కళ్ళు మూసుకుంటే ఈ బొమ్మ ముఖమే వస్తోంది. అదీ కాలిపోతే ఇక ఏ ముఖమూ రాదేమోనని భయపడ్డాను. జూన్ తర్వాత నాకు కలిగినది ఆ భయం ఒక్కటే. అందుకే అబద్ధం రాశాను.

పద్దెనిమిదిన రేవులో ఉంటాను. ఇది చదివాక నువ్వు రాకపోయినా నిన్ను ఏమీ అనను. వస్తే మాత్రం నన్ను తిట్టేముందు ఒక్కటి చెప్పు: నవ్వినప్పుడు దాని పెదవి ఏ వైపు పైకి లేచేది?

ఇట్లు,
నీవెస్ నాన్న,
బెర్నట్